డ్యూక్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు, 2024-25: నవంబరు, డిసెంబరు ఆటలపై చర్చ

నీలిజెండా (డర్హమ్), 5 నవంబరు 2024

నిన్న రాత్రి తన సొంత మైదానమైన కామెరాన్ ఇండోర్ స్టేడియంలో మెయిన్ విశ్వవిద్యాలయంపై 96-62తో గెలిచి డ్యూక్ విశ్వవిద్యాలయం జట్టు కొత్త సీజన్‌ను మొదలుపెట్టింది. నార్త్ కరొలైనా రాష్ట్రంలోని రీసెర్చ్ ట్రయాంగిల్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ కేరీ, మోరిస్‌విల్, డర్హమ్‌లలో స్థిరపడిన మనవాళ్లలో ఈ జట్టును అనుసరించేవారు చాలామందే ఉన్నారు కనుక, సంక్రాంతి లోపు జరిగే ఆటలన్నింటి గురించి ఒకేచోట మాట్లాడుకుందామని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

మార్చిలో జాతీయ పోటీలో, డాలస్‌లో నార్త్ కరొలైనా స్టేట్ చేతిలో 76-64తో ఓడి ఇంటిముఖం పట్టిన జట్టులో ప్రధాన ఆటగాళ్లుగా మిగిలినవారు టైరీస్ ప్రాక్టర్, కేలబ్ ఫాస్టర్ మాత్రమే. ఫిలిపౌస్కీ, మెకెయిన్ వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌బీఏకు వెళ్లారు. రోచ్, మిచెల్ వంటివారు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వేరే కళాశాలలకు మారారు. వారి స్థానాల్లో కోచ్ జాన్ షాయర్ రెండు రకాల ఆటగాళ్లను తెచ్చాడు. ఒకవైపు కూపర్ ఫ్లాగ్, కాన్ కనూపెల్, ఖమాన్ మలువాచ్, ఐజాయా ఎవాన్స్ వంటి మొదటి సంవత్సరం కుర్రాళ్లు ఉంటే, మరోవైపు టులేన్ నుంచి సయాన్ జేమ్స్, పర్డ్యూ నుంచి మేసన్ గిల్లిస్, సిరక్యూస్ నుంచి మలీక్ బ్రౌన్ వంటి ఆరితేరిన వాళ్లు వచ్చారు. నిన్న కనూపెల్ 22 పాయింట్లు, ఫ్లాగ్ 18 పాయింట్లు సాధించారు. మెయిన్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో పెరిగిన ఫ్లాగ్ తన తొలి కళాశాల ఆటను సొంత రాష్ట్రం జట్టుపైనే ఆడవలసి రావడం విశేషమే. ఈ డిసెంబరు 21తో గానీ అతనికి పద్దెనిమిదేళ్లు నిండవు.

చాపెల్‌హిల్ చిన్నోడు, 5 నవంబరు 2024

మెయిన్‌పై ముప్పై నాలుగు పాయింట్ల గెలుపు చూసి పండుగ చేసుకోవద్దని, పది మైళ్ల దూరంలో ఉన్న పొరుగువాడిగా, చాపెల్ హిల్‌లోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం జట్టు అభిమానిగా, వేరే రంగు చొక్కా తొడుక్కునే వాడిగా సవినయంగా మనవి చేస్తున్నాను. నిన్నటి రెండో అర్ధభాగంలో మీ కుర్రవాడికి కండరాలు పట్టేసిన సంగతి నీలిజెండాగారు చెప్పకుండా దాటేశారు. 12వ తేదీన అట్లాంటాలో కెంటకీతో ఆట ఉంది. అది ముగిశాక మాట్లాడుకుందాం.

విశాఖ తీరం, 6 నవంబరు 2024

మా అన్నయ్య కుటుంబం మోరిస్‌విల్‌లో ఉండటంతో నేనూ ఈ జట్టును ఇక్కడి నుంచే చూస్తున్నాను. అట్లాంటా ఆట మాకు మరునాటి ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి టిఫిన్ చేస్తూ చూడవచ్చు. అనుభవజ్ఞులను ఒక్క విషయం అడగాలని ఉంది. మన విశ్వవిద్యాలయాల మధ్య పోటీలు సాధారణంగా ఒకే ఊళ్లో కొద్ది రోజుల్లో ముగిసిపోతాయి. ఇక్కడ మాత్రం నవంబరులో మొదలైన సీజన్ ఏప్రిల్ దాకా సాగుతుంది, పైగా తొలి వారాల్లో డ్యూక్ వంటి పెద్ద జట్టు పేరు కూడా వినని జట్లతో ఆడుతుంది. వాటివల్ల ఎవరికి లాభం? ఆ గెలుపులకు అసలు విలువ ఉంటుందా?

లెక్కల పంతులు (రాలీ), 6 నవంబరు 2024

విశాఖ తీరంగారూ, లాభం ఇద్దరికీ ఉంటుంది. పెద్ద కళాశాల తన మైదానానికి వచ్చి ఆడినందుకు చిన్న కళాశాలకు రొక్కం చెల్లిస్తుంది, ఆ సొమ్ముతో చిన్న కళాశాల తన క్రీడా విభాగాన్ని నడుపుకుంటుంది. పెద్ద జట్టుకు సొంత ప్రేక్షకుల ముందు ఒక గెలుపూ, కొత్త ఆటగాళ్లను కలిపి ఆడించి చూసుకునే అవకాశమూ దక్కుతాయి.

విలువ ఎంత అన్నది కొంత వివరంగా చెప్పాలి. మార్చిలో జరిగే 68 జట్ల జాతీయ పోటీకి ఎంపికలు చేసే సంఘం 2018 నుంచి నెట్ అనే ర్యాంకింగ్‌ను వాడుతోంది. ప్రత్యర్థి ర్యాంకునూ ఆట జరిగిన చోటునూ బట్టి ప్రతి ఆటను నాలుగు తరగతుల్లో ఒకదానిలో వేస్తారు. సొంత మైదానంలో మొదటి 30 ర్యాంకుల్లోని జట్టుతో ఆడినా, తటస్థ మైదానంలో మొదటి 50లోని జట్టుతో ఆడినా, ప్రత్యర్థి మైదానంలో మొదటి 75లోని జట్టుతో ఆడినా అది మొదటి తరగతి ఆట అవుతుంది. కాబట్టి మెయిన్‌పై గెలిస్తే ఒరిగేది స్వల్పం, ఓడితే మాత్రం ఆ మచ్చ మార్చి దాకా వెంటాడుతుంది. అయితే ఒక మెలిక ఉంది. వంద దఫాలు బంతి చేతికి వస్తే ఎన్ని పాయింట్లు చేశారు, ఎన్ని ఇచ్చారు అనేది కూడా నెట్ లెక్కలోకి వస్తుంది కనుక, బలహీన జట్టుపై ఎంత తేడాతో గెలిచారన్నది పూర్తిగా వృథా కాదు.

సోమవారం సోమవారం విలేకరుల ఓట్లతో వెలువడే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకింగ్ దీనికి భిన్నమైనది. అందులో సీజన్ ముందు డ్యూక్‌ది ఏడో స్థానం, కాన్సస్‌ది మొదటి స్థానం. అది చర్చకు పనికి వస్తుందే తప్ప ఎంపికకు ప్రమాణం కాదు.

నీలిజెండా, 9 నవంబరు 2024

నిన్న ఆర్మీపై (అమెరికా సైనిక అకాడమీ జట్టు) 100-58తో గెలుపు. ఈ ఆట గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

నీలిజెండా, 13 నవంబరు 2024

కెంటకీ 77, డ్యూక్ 72. తొలి అర్ధభాగం ముగిసేసరికి 46-37తో ముందున్న జట్టు రెండో భాగంలో 26 పాయింట్లకే పరిమితమై ఓడిపోయింది. ఫ్లాగ్ 26 పాయింట్లు, 12 రీబౌండ్లు (గురి తప్పి తిరిగొచ్చిన బంతులను పట్టుకోవడం) సాధించాడు. అయినా రేపటి పత్రికలన్నీ చివరి పన్నెండు సెకన్ల గురించే రాస్తాయి. 72-72తో సమంగా ఉన్నప్పుడు అతను బంతితో లోపలికి చొచ్చుకుపోతుండగా ఒటేగా ఓవే దాన్ని లాక్కున్నాడు, ఫౌల్ రాబట్టి రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. తరువాతి దఫాలోనూ బంతి ఫ్లాగ్ చేతి నుంచే జారిపోయింది. పదిహేడేళ్ల పిల్లవాడిపై అంత భారం మోపడం న్యాయమేనా అని నాకు అనిపిస్తోంది.

చాపెల్‌హిల్ చిన్నోడు, 13 నవంబరు 2024

న్యాయమా కాదా అన్నది షాయర్‌ను అడగాలి. కెంటకీ వైపు కూడా చూడండి. పాత కోచ్ కాలిపారీ ఆర్కన్సాకు వెళ్లిపోయాక కొత్త కోచ్ మార్క్ పోప్ దాదాపు ఖాళీ గదిలో అడుగుపెట్టాడు. కిందటేడు ఆడిన స్కాలర్‌షిప్ ఆటగాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. వేక్ ఫారెస్ట్ నుంచి వచ్చిన ఆండ్రూ కార్ వంటి నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవారిని పోర్టల్‌లోంచి ఏరి తెచ్చుకుని జట్టు కట్టాడు. నిన్న గెలిచింది ఆ వయసే. ఫ్రెష్‌మన్ (మొదటి సంవత్సరం) కుర్రాళ్ల మీద ఆధారపడి కప్పు గెలిచే కాలం పోర్టల్ రాకతోనే పోయిందని నా అభిప్రాయం.

పీఈటీ మాస్టారు (తెనాలి), 13 నవంబరు 2024

ఉన్నత పాఠశాలలో చాలాకాలం పిల్లలకు ఈ ఆట నేర్పినవాడిగా నేను దీన్ని వయసు సమస్యగా చూడను. చివరి దఫాను మళ్లీ మళ్లీ వేసి చూడండి. ఫ్లాగ్ బంతి పట్టుకుని వెళ్తుంటే మిగతా నలుగురు ఆటగాళ్లు మూడు పాయింట్ల గీత చుట్టూ నిలబడి చూస్తున్నారు. అతన్ని కాచే ప్రత్యర్థికి అడ్డుగా నిలబడి స్క్రీన్ పెట్టేవాడు లేడు, అటు నుంచి ఇటు పరుగు తీసి ప్రత్యర్థి కళ్లను మరల్చేవాడు లేడు. ఎటూ కదలని నలుగురిని వదిలేసి బంతి మీద రెండో చెయ్యి వేయడం ఏ డిఫెండర్‌కైనా సులభమే. ఇరవై రెండేళ్ల ఆటగాడు ఆ స్థితిలో ఉన్నా బంతి పోయే అవకాశం అంతే ఉంటుంది. తప్పు ఎత్తుగడలో ఉంది. ఎత్తుగడ కోచ్ చేతిలో ఉంటుంది కాబట్టి నవంబరులో దాన్ని సరిదిద్దుకోవచ్చు, వయసును సరిదిద్దలేం.

ఇంకొక మాట. ఇలాంటి సమయంలో బంతి ప్రాక్టర్ చేతిలో ఉండాలి. ఆ సిడ్నీ కుర్రవాడికి ఇది మూడో సంవత్సరం.

కార్తీక పున్నమి (కేరీ), 14 నవంబరు 2024

మాస్టారి మాటతో సగమే ఏకీభవిస్తాను. చివరి దఫా కంటే ముందే, రెండో భాగం మధ్యలోనే ఆట చేజారడం మొదలైంది. డ్యూక్ కుర్రాళ్లు అలసి త్రీ పాయింటర్లు (మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసే బంతులు) తక్కువ ఎత్తులో, రింగు ముందు అంచుకు తగిలేలా వేస్తున్నారు. కాళ్లలో సత్తువ తగ్గితేనే బంతి అలా వెళ్తుంది. మొదటి ఆటలో ఫ్లాగ్‌కు పట్టిన కండరాల సంగతి చాపెల్‌హిల్ గారు వెక్కిరింపుగా అన్నా, అందులో నిజం ఉంది. బెంచి మీద గిల్లిస్, బ్రౌన్ వంటి గట్టి శరీరాలను పెట్టుకుని కూడా షాయర్ వారికి తగినంత సమయం ఇవ్వలేదు.

విశాఖ తీరం, 18 నవంబరు 2024

వాఫర్డ్‌పై 86-35 అని చూసి ఆశ్చర్యపోయాను. నలభై నిమిషాల్లో ఒక కళాశాల జట్టు ముప్పై అయిదు పాయింట్లకు ఆగిపోవడం సాధారణమేనా?

లెక్కల పంతులు, 18 నవంబరు 2024

సాధారణం కాదు. ఈ జట్టు అసలు బలం అక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. మలువాచ్ ఎత్తు ఏడడుగుల రెండు అంగుళాలు. దక్షిణ సూడాన్‌లో పుట్టి, సెనెగల్‌లోని ఎన్‌బీఏ అకాడమీలో శిక్షణ పొంది, పదిహేడేళ్లకే పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఫ్లాగ్ ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, కనూపెల్ ఆరడుగుల ఏడు. బంతిని నడిపించే గార్డులు కూడా ఆరడుగుల అయిదుకు తగ్గరు. ప్రత్యర్థి స్క్రీన్ పెట్టినప్పుడు ఇంత ఎత్తున్న ఆటగాళ్లు ఒకరి మనిషిని ఒకరు మార్చుకున్నా ఎక్కడా పొట్టివాడు దొరకడు. అందరి చూపు ఫ్లాగ్ పాయింట్ల మీద ఉంది గాని, 22న అరిజోనాలో వీళ్లు ఎన్ని చేస్తారన్నదానికంటే ఎన్ని ఇస్తారన్నదే చూడండి.

నీలిజెండా, 23 నవంబరు 2024

పంతులుగారి నోటికి నమస్కారం. ట్యూసాన్‌లో డ్యూక్ 69, అరిజోనా 55. ప్రత్యర్థి మైదానంలో, పదిహేడో ర్యాంకు జట్టును, అర్ధరాత్రి దాటాక మేము నిద్ర ఆపుకుంటూ చూస్తుండగా, 55కు కట్టిపడేశారు. ఫ్లాగ్‌కు 24 పాయింట్లు వచ్చాయి. కేలబ్ లవ్‌ను ఎక్కడా కుదురుకోనివ్వలేదు. 2022 ఏప్రిల్‌లో చాపెల్ హిల్ జట్టు చొక్కాతో 81-77తో మమ్మల్ని ఓడించి, అప్పటి మా కోచ్ షషెఫ్‌స్కీ చివరి ఆటను చేదు జ్ఞాపకం చేసినవాడు ఇతనే కదా.

చాపెల్‌హిల్ చిన్నోడు, 23 నవంబరు 2024

అందుకే ఆ పేరు మీకు అంత బాగా గుర్తుంది. గెలుపుకు అభినందనలు. ఈ ఆటలో చివరి రెండు నిమిషాల్లో ఒత్తిడి లేదు కనుక కెంటకీ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదని మాత్రం గుర్తు చేస్తున్నాను.

నీలిజెండా, 27 నవంబరు 2024

లాస్ వేగాస్‌లో కాన్సస్ 75, డ్యూక్ 72. రెండో అర్ధభాగంలో కింద పడి ఉన్న మలీక్ బ్రౌన్ తలకు కాలు తగిలించినందుకు హంటర్ డికిన్సన్‌ను బయటికి పంపేశారు. ఏడడుగుల రెండు అంగుళాల సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడు) లేకుండా చివరి పది నిమిషాలు ఆడిన జట్టు, ఒకటో ర్యాంకు జట్టే అయినా సరే, మనను ఓడించింది. కెంటకీ చేతిలో ఓడినప్పటికంటే ఇది ఎక్కువ బాధ కలిగించింది.

పీఈటీ మాస్టారు, 27 నవంబరు 2024

డికిన్సన్ వెళ్లాక కాన్సస్ చిన్న గార్డులతో వేగం పెంచి, మలువాచ్ వంటి పొడుగువాళ్లను రింగు దగ్గర నుంచి బయటికి లాగింది. అంటే ఒక ఆటగాడిని పోగొట్టుకుని ఆట తీరునే మార్చుకుంది. మనవాళ్లు మాత్రం ఎత్తులో దొరికిన లాభాన్ని వాడుకోవడానికి రింగు కిందికి బంతి అందించకుండా మళ్లీ దూరం నుంచే ప్రయత్నించారు. హారిస్, మేయో వంటి గార్డులు కాన్సస్‌కు ఆ పది నిమిషాలు దారి చూపించారు. అలాంటి సమయంలో ఏం చేయాలో నిర్ణయించే మనిషి డ్యూక్‌లో ఎవరన్నది ఇంకా తేలలేదు. సయాన్ జేమ్స్‌ను మొదటి అయిదుగురిలో ఆడించాలని నా సూచన. అతను బలిష్ఠుడు, తొందరపడడు, బంతిని పదిలంగా ఒక చోటి నుంచి మరో చోటికి చేరుస్తాడు.

కార్తీక పున్నమి, 27 నవంబరు 2024

జేమ్స్ విషయంలో మాస్టారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫాస్టర్ చెడ్డ ఆటగాడేమీ కాదు, కాని ప్రాక్టర్ పక్కన అతనూ అదే పని చేస్తున్నాడు.

లెక్కల పంతులు, 28 నవంబరు 2024

రెండు ఓటములూ తటస్థ మైదానాల్లో, బలమైన జట్ల చేతిలో, ఒకటి అయిదు పాయింట్లతో, ఇంకొకటి మూడు పాయింట్లతో వచ్చాయి. నెట్ లెక్కలో ఇవి పెద్దగా కీడు చేయవు. జట్ల బలాన్ని గణాంకాలతో అంచనా వేసే కెన్‌పామ్ పట్టికలో కూడా డ్యూక్ పైనే ఉంది. ఆ పట్టికలో సీజన్ ముందరి అంచనాల ప్రభావం ఇంకా కొంత కలిసి ఉందని, కొత్త ఆటలు చేరేకొద్దీ అది కరిగిపోతుందని కూడా గమనించాలి. దగ్గరి ఆటల్లో ఓడే జట్టు ఎప్పుడూ అలాగే ఓడుతుందని రెండు ఆటలు చూసి నిర్ధారించడం గణితానికి అన్యాయం చేయడమే.

పీఈటీ మాస్టారు, 28 నవంబరు 2024

పంతులుగారూ, మీ గణితం మీద నాకు గౌరవం ఉంది. కాని రెండుసార్లూ ఒకే విధంగా ఓడినప్పుడు, అది జాతకం కలిసిరాక జరిగిందని కోచ్ అనుకుంటే అతనికి జీతం ఇవ్వడం దండగ.

నీలిజెండా, 5 డిసెంబరు 2024

ఈ రాత్రి నిద్ర పట్టేటట్టు లేదు. రెండో ర్యాంకు ఆబర్న్ కామెరాన్‌కు వచ్చి మొదటి నిమిషాల్లోనే 13-2తో ముందుకు దూసుకుపోయింది. అప్పుడు షాయర్ బెంచి మీద నుంచి ఐజాయా ఎవాన్స్‌ను దింపాడు. అంతకుముందు పెద్ద ఆటల్లో అతనికి దక్కింది చాలా తక్కువ సమయం. ఆ బక్కపలుచని కుర్రవాడు తొలి అర్ధభాగంలోనే ఆరు త్రీ పాయింటర్లు వేసి 18 పాయింట్లు చేశాడు. 1940లో కట్టిన ఆ పాత భవనంలో 9,314 మంది మాత్రమే పడతారు గాని, నాలుగోది పడినప్పుడు పక్కవాడి మాట నాకు వినిపించలేదు. చివరికి 84-78. ఫ్లాగ్ 22 పాయింట్లు, 11 రీబౌండ్లు. ఆబర్న్ సెంటర్ జోనై బ్రూమ్ కూడా గొప్పగా ఆడాడని ఒప్పుకోవాలి.

పీఈటీ మాస్టారు, 5 డిసెంబరు 2024

ఎవాన్స్ ఆట కన్నులపండుగగా ఉంది, కాని నేను చూసింది వేరు. త్రీ పాయింటర్లు వేయగల మరొకడు కోర్టులో ఉన్నాడని తెలిశాక ఆబర్న్ డిఫెండర్లు ఫ్లాగ్ మీదికి ఇద్దరేసి రాలేకపోయారు. అట్లాంటాలో గీత మీద నిలబడి చూసిన నలుగురికీ, నిన్నటి నలుగురికీ తేడా అదే. ఆబర్న్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ బంతి కనీసం ముగ్గురి చేతులు మారాకే రింగు వైపు వెళ్లింది.

లెక్కల పంతులు, 5 డిసెంబరు 2024

ఈ గెలుపు విలువ ఇంకో కారణంగా కూడా పెరిగింది. డ్యూక్ ఉన్న ఏసీసీ, ఆబర్న్, కెంటకీ ఉన్న ఎస్ఈసీ అనే కళాశాల జట్ల కూటముల మధ్య ఈ వారం జరిగిన పదహారు ఆటల్లో ఎస్ఈసీ పద్నాలుగు గెలిచింది. ఏసీసీకి దక్కినవి రెండే: మంగళవారం కెంటకీపై క్లెమ్సన్ 70-66తో గెలవడం, నిన్న డ్యూక్ గెలవడం. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా, ఎస్ఎంయూ చేరడంతో పద్దెనిమిది జట్లకు పెరిగిన కూటమి ఇంత బలహీనంగా ఉంటే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో డ్యూక్ ఎన్ని గెలిచినా మొదటి తరగతి గెలుపులు కొద్దిగానే దొరుకుతాయి. అంటే మార్చిలో ఎంపిక సంఘం ముందు పెట్టే సాక్ష్యంలో పెద్ద భాగం ఈ అయిదు వారాల్లోనే తయారైపోయింది. సాధారణంగా తొలి ఆటలను తేలికగా తీసుకోవచ్చంటారు, ఈ సంవత్సరం మాత్రం అలా కుదరదు.

చాపెల్‌హిల్ చిన్నోడు, 5 డిసెంబరు 2024

అలబామా చేతిలో నిన్న 94-79తో ఓడినవాడిగా ఆ పద్నాలుగులో మా వాటా నాకు బాగా తెలుసు. ఎంత కష్టమైన ఆటలు పెట్టుకున్నా గెలవకపోతే సాక్ష్యం కాదని మమ్మల్ని చూసి చెప్పవచ్చు: కాన్సస్ చేతిలో మూడు పాయింట్లతో, హవాయీలోని మావీలో ఆబర్న్ చేతిలో, మిషిగన్ స్టేట్ చేతిలో అదనపు సమయంలో ఓడాం. డ్యూక్ కనీసం రెండు పెద్ద గెలుపులు మూటగట్టుకుంది. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

కార్తీక పున్నమి, 9 డిసెంబరు 2024

లూయీవిల్‌లో నిన్న వెనుకబడి కూడా 76-65తో గెలిచారు. ప్రత్యర్థి మైదానంలో వెనుక నుంచి పుంజుకుని ఆడటం ఈ జట్టు ఈ ఏడాది చేయని పని కాబట్టి ఆబర్న్ ఆట కంటే దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

విశాఖ తీరం, 22 డిసెంబరు 2024

ఫ్లాగ్ పద్దెనిమిదో పుట్టినరోజున జార్జియా టెక్‌పై 82-56 వచ్చింది. మధ్యలో ఇన్‌కార్నేట్ వర్డ్‌పై, జార్జ్ మేసన్‌పై గెలుపులు కూడా చేరి పది గెలుపులు, రెండు ఓటములు అయ్యాయి. జార్జ్ మేసన్ 47కు, ఇన్‌కార్నేట్ వర్డ్ 46కు ఆగిపోవడం చూశాక, పంతులుగారు నవంబరులోనే డిఫెన్స్ గురించి ఎందుకు చెప్పారో అర్థమైంది. ఇక ఫిబ్రవరి 1న చాపెల్ హిల్ జట్టు కామెరాన్‌కు వచ్చేదాకా పెద్ద పరీక్ష ఏదీ లేనట్టేనా?

లెక్కల పంతులు, 22 డిసెంబరు 2024

దాదాపు లేనట్టే. అందుకే ఫిబ్రవరి 22న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇల్లినాయ్‌తో పెట్టుకున్న ఆట చాలా ముఖ్యం. కూటమి ఆటల మధ్యలో బయటి జట్టుతో ఆడటం అరుదు, షాయర్ దీన్ని ఆలోచించే పెట్టించి ఉంటాడు.

పీఈటీ మాస్టారు, 22 డిసెంబరు 2024

ఏసీసీలో ఇరవై ఆటలు ఆడినా చివరి నిమిషం దాకా సాగేవి ఎన్ని ఉంటాయో తెలియదు. ఇరవై, ముప్పై పాయింట్లతో గెలిచే జట్టుకు దగ్గరి ఆట ఆడే అలవాటు తప్పుతుంది, నా భయం అదొక్కటే. లూయీవిల్ లాంటి రాత్రులు ఇంకో నాలుగు రావాలని కోరుకుంటున్నాను.

చాపెల్‌హిల్ చిన్నోడు, 22 డిసెంబరు 2024

నిన్న గార్డెన్‌లోనే యూసీఎల్ఏపై 76-74తో బయటపడ్డాం, దగ్గరి ఆటలు మాకు కావలసినన్ని ఉన్నాయి. మాస్టారు అడిగిన నాలుగింటిలో ఒకటి ఫిబ్రవరి 1న మేమే సమకూరుస్తాం.